కరెంటు పొదుపు పిల్లల పని కాదు

బడికి ఇంధన పొదుపు విధానం అంటే ఏ పనికి ఎంత కరెంటు, ఎంత డీజిలు, ఎంత గ్యాసు ఖర్చవుతున్నాయో లెక్క తీసి, ఆ ఖర్చును ఏ మార్పుతో, ఏ తేదీలోగా, ఎవరి బాధ్యత మీద తగ్గించాలో రాసి సంతకం పెట్టిన పత్రం. విజయవాడలోనూ కృష్ణా డెల్టా ఊళ్లలోనూ ఈ పేరుతో సాధారణంగా జరిగేది మాత్రం వేరు. డిసెంబరు 14న జాతీయ ఇంధన పొదుపు దినం వస్తుంది. ఆ వారంలో ర్యాలీ తీస్తారు, అసెంబ్లీలో ప్రతిజ్ఞ చేయిస్తారు, వ్యాసరచన, చిత్రలేఖనం పోటీలు పెడతారు, స్విచ్‌బోర్డు పక్కన స్టిక్కరు అంటిస్తారు. దీని వెనక అందరూ ఒప్పుకున్న అభిప్రాయం ఒకటుంది: బడిలో కరెంటు వృథా కావడానికి కారణం నిర్లక్ష్యం, ఆ నిర్లక్ష్యం పోవాలంటే పిల్లలకు స్విచ్ ఆపడం నేర్పాలి, అదే పొదుపు విధానం. వినడానికి ఇందులో తప్పు పట్టేదేమీ కనిపించదు. కానీ లెక్క వేస్తే ఈ అభిప్రాయం నిలవదు. పైగా బడిలో ఏ వస్తువు కొనాలో, ఏ గది ఎటు కట్టాలో, ఏ బిల్లు ఎవరు కట్టాలో ఒక్క మాట చెప్పే హక్కు లేని పిల్లల మీద, ఆ నిర్ణయాల ఫలితాన్ని మోపుతుంది.

లెక్కకు డెల్టాలో ఒక మామూలు ఉన్నత పాఠశాలను ఊహించుకోవచ్చు. 12 తరగతి గదులు, గదికి నాలుగు ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ ట్యూబులు. స్టాఫ్‌రూము, హెడ్‌మాస్టరు గది, ల్యాబులతో కలిపి మొత్తం 56 ఫ్యాన్లు. పాత రకం ఫ్యాను సుమారు 75 వాట్లు లాగుతుంది. రోజుకు ఆరు గంటలు, ఏడాదికి 200 రోజులు తిరిగితే 56 ఫ్యాన్లకు 5,040 యూనిట్లు. తరగతి గదుల్లోని 48 ట్యూబులు, ఒక్కొక్కటి 20 వాట్లు, రోజుకు నాలుగు గంటలు వెలిగితే 768 యూనిట్లు. పది డిజిటల్ ప్యానెళ్లు ఒక్కోటి 250 వాట్ల చొప్పున రోజుకు రెండు గంటలు వాడితే 1,000 యూనిట్లు. రెండు హెచ్‌పీ నీళ్ల మోటారు రోజుకు గంటన్నర ఆడితే మరో 450. అంతా కలిపి ఏడాదికి 7,258 యూనిట్లు.

ఇప్పుడు పిల్లల నిర్లక్ష్యం ఎంతో చూడాలి. మధ్యాహ్న భోజనానికి బయటికి వెళ్లినప్పుడు ఒక్క గదిలోనూ ఒక్క స్విచ్ కూడా ఆపలేదనే అనుకుందాం. ఏడాది పొడుగునా, రోజుకు గంట చొప్పున, అన్ని ఫ్యాన్లూ లైట్లూ ఖాళీ గదుల్లో నడిచాయి. ఆ వృథా 1,032 యూనిట్లు. అంటే పోటీలూ ప్రతిజ్ఞలూ నూటికి నూరు పాళ్లు ఫలించి, ఒక్క పిల్లవాడూ ఒక్కరోజూ మరచిపోకుండా ఉంటే మిగిలేది అంత. అదే 56 ఫ్యాన్ల స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్లు ఉంటే, ఎవరికీ ఏమీ గుర్తు చేయకుండా, ఎవరినీ మందలించకుండా, ఏడాదికి 3,024 యూనిట్లు తగ్గుతాయి. మూడు రెట్లకు దగ్గర. ఆ ఫ్యాన్లు వచ్చాక భోజన విరామంలో ఆపడం మరచినా ఫ్యాన్ల వల్ల పోయేది 840 కాదు, 336 యూనిట్లే. స్విచ్ ఆపడం మంచి పనే. కానీ విధానంలో దాన్ని మొదటి పేజీలో పెట్టేవారు పెద్ద ఖర్చును వదిలి చిన్న ఖర్చు వెంట పడుతున్నారు.

ఉన్న ఫ్యాన్లన్నీ రేపే పీకేయాలని దీని అర్థం కాదు. బాగా తిరుగుతున్న ఫ్యాను తీసేసి కొత్తది పెడితే, యూనిట్ ఏడు రూపాయలు అనుకున్నా, పెట్టుబడి రావడానికి ఏడేళ్లకు పైనే పడుతుంది. అసలు సమయం ఫ్యాను కాలిపోయినప్పుడు. ఆ రోజు బడిలో జరిగేది చాలామందికి తెలుసు: ఎలక్ట్రీషియన్ దాన్ని దించి తీసుకెళ్లి కాయిల్ కట్టిస్తాడు, కొన్ని వందల్లో పని అయిపోతుంది, ఫ్యాను మళ్లీ తిరుగుతుంది. మరీ నాసిగా కట్టిన కాయిల్ అయితే మునుపటికన్నా ఎక్కువ వేడెక్కుతుంది, తక్కువ గాలి ఇస్తుంది. బాగా కట్టినా మరో కొన్నేళ్లు అదే 75 వాట్లు లాగుతూ ఉంటుంది. మామూలు కొత్త ఫ్యానుకూ బీఎల్‌డీసీ ఫ్యానుకూ ధర తేడా పన్నెండు వందలు అనుకుంటే, ఏడాదికి ఫ్యాను మీద మిగిలే 54 యూనిట్లతో ఆ తేడా మూడేళ్లు దాటగానే వచ్చేస్తుంది. కాబట్టి విధానంలో రాయవలసిన మొదటి వాక్యం ‘కరెంటు ఆదా చేద్దాం’ కాదు. కాలిన ఫ్యానుకు కాయిల్ కట్టించకూడదు, దాని స్థానంలో బీఎల్‌డీసీ ఫ్యానే కొనాలి అన్నది. గోడ మీద ఇంకా పాత డబ్బా రెగ్యులేటర్లు ఉన్నచోట వాటినీ మార్చాలి. అవి వేగం తగ్గించినప్పుడు మిగిలిన కరెంటును వేడిగా గదిలోకే వదులుతాయి. లోవోల్టేజీ బాధ ఉన్న పల్లెల్లో బీఎల్‌డీసీ ఫ్యానుకు ఇంకో మేలుంది, వోల్టేజీ పడిపోయినా వేగం పెద్దగా తగ్గదు.

పొదుపు వారం డిసెంబరులో రావడం కూడా ఆలోచించవలసిన విషయం. జాతీయ దినంగా ఆ తేదీకి తప్పు లేదు. కానీ విజయవాడ బడిలో ఫ్యాన్లు అన్నిటికన్నా తక్కువ తిరిగేది డిసెంబరు, జనవరి నెలల్లోనే. ఇక్కడ బడికి కష్టకాలం మార్చి నడుమ నుంచి మొదలై, వేసవి సెలవుల తర్వాత జూన్ 12 ప్రాంతంలో బడులు తెరిచాక మళ్లీ వస్తుంది. మృగశిర కార్తె వచ్చినా వానలు పడక ఉక్కపోత చంపే రోజులవి. 2023 జూన్‌లో బడులు తెరిచిన వెంటనే ఎండలకు తట్టుకోలేక ఒంటిపూట బడులు నడపవలసి వచ్చింది. డాబాకు సున్నం వేయించడం లాంటి, ఫిబ్రవరిలో చేయవలసిన పని ఫిబ్రవరిలో చేయకపోతే, డిసెంబరులో తీసిన ర్యాలీ జూన్‌లో ఒక్క గదినీ చల్లబరచదు.

ఆ మాటకొస్తే ఒంటిపూట బడి ఈ ప్రాంతానికి తెలిసిన ఇంధన విధానాల్లో అన్నిటికన్నా పెద్దది. ఉదయం 7.45కు మొదలుపెట్టి 12.30కు వదిలేయడం వల్ల ఏ యంత్రం లేకుండానే రోజులో అతివేడి గంటలు తప్పిపోతున్నాయి. దాన్ని ఎవరూ పొదుపు లెక్కలో వేయరు, ఎందుకంటే అందులో పిల్లలు ప్రతిజ్ఞ చేసేదేమీ లేదు. కాలపట్టిక పెద్దవాళ్లు మార్చారు, పని జరిగింది. బడి విధానమూ ఇదే దారిలో ఆలోచించాలి. పై అంతస్తు పడమటి గదుల్లో మధ్యాహ్నం తరగతులు ఎవరికి వేస్తున్నారు, కంప్యూటర్ ల్యాబు పీరియడ్లు ఉదయమే పెట్టవచ్చా, మోటారు ఏ వేళ వేస్తున్నారు అన్నవి టైం టేబుల్ వేసేటప్పుడే తేలిపోయే ప్రశ్నలు.

స్విచ్‌బోర్డు దగ్గరికి వెళ్లి చూస్తే ఈ స్టిక్కరు సిద్ధాంతం ఎంత బలహీనమైనదో కళ్లకు కడుతుంది. చాలా గదుల్లో కిటికీ పక్క వరుస ట్యూబులూ, లోపలి గోడ వరుస ట్యూబులూ ఒకే స్విచ్ మీద ఉంటాయి. వెలుతురు కిటికీ వైపు దండిగా ఉంటుంది, అవతలి బెంచీల మీద చాలదు. అక్కడ పుస్తకం కనబడాలంటే ఇక్కడా లైటు వెలగాల్సిందే. తరగతి గదికి భారతీయ ప్రమాణాలు అడిగే వెలుతురు 300 లక్స్ దాకా ఉంది, గోడ పక్క పిల్లకు అది దక్కాలి కదా. వైరింగు చేసినప్పుడు కిటికీ వరుసకు వేరే స్విచ్ ఇచ్చి ఉంటే సమస్యే లేదు, అందుకయ్యే ఖర్చు నాలుగు మీటర్ల వైరు. ఆ నిర్ణయం కాంట్రాక్టరు తీసుకున్నాడు, దాన్ని ఇంజనీరు చూశాడు, బిల్లు మాత్రం బడి కడుతోంది. ఇక బోర్డు మీద విరిగిన స్విచ్, ఊడిన సాకెట్, బయటికి కనిపించే వైరు ఉంటే, పిల్లలెవరూ దాని జోలికి పోవద్దని ఉపాధ్యాయుడు గట్టిగా చెబుతాడు. అలా చెప్పడమే సరైన పని, ప్రాణానికి మించిన యూనిట్ లేదు. అదే పిల్లల చేత ఉదయం అసెంబ్లీలో స్విచ్‌లు ఆపుతామని ప్రమాణం చేయించి, తరగతిలో స్విచ్ ముట్టుకోవద్దని చెప్పడం వాళ్లకు అన్యాయం. బోర్డులు బాగుచేయించడం, వరుసకో స్విచ్ పెట్టించడం, గదికొక పేరు రాసి సాయంత్రం ఆపే బాధ్యత ఒక పెద్దవారికి అప్పగించడం, ఇవి విధానంలో ఉండాలి.

భవనం సంగతి ఇంతకన్నా పెద్దది. డెల్టాలో పాత బడులు ఎత్తు కప్పులు, పెంకులు, వసారాలు, పైన వెంటిలేటర్లతో ఉండేవి. ఇప్పటివి స్లాబు కప్పులు. పగలంతా ఎండలో కాగిన స్లాబు లోపలికి వేడి వదలడం మధ్యాహ్నం నుంచి మొదలై రాత్రి దాకా సాగుతుంది. డే స్కాలర్ పిల్లలు ఆపాటికి ఇంటికి పోతారు. కానీ విజయవాడ చుట్టూ గొల్లపూడి నుంచి పోరంకి, గూడవల్లి దాకా ఉన్న రెసిడెన్షియల్ క్యాంపస్‌లలో పిల్లలు ఆ స్లాబు కిందే నిద్రపోతారు. అక్కడ ఫ్యాన్లు ఆరు గంటలు కాదు, పద్దెనిమిది గంటలు తిరుగుతాయి, ఏసీలూ ఉంటాయి. ఫిబ్రవరి నెలాఖరులో డాబా మీద సున్నం గానీ వేడిని తిప్పికొట్టే తెల్లరంగు గానీ వేయించడం వీటన్నిటికీ మొదటి మందు. హైదరాబాదులో వాణిజ్య భవనాల మీద జరిగి 2011లో ప్రచురితమైన అధ్యయనంలో, మామూలు కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే చల్లదనానికయ్యే కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే ప్రకటించింది. ఏసీ లేని తరగతి గదిలో ఈ పూత ఫలితం యూనిట్లలో అంతగా కనిపించకపోవచ్చు, పిల్లల చెమటలో కనిపిస్తుంది. అదీ విధానం పట్టించుకోవలసిన ఫలితమే. ఇక కిటికీలకు అడ్డంగా బీరువాలు, పాత బెంచీలు పెట్టి గాలి ఆపేసిన గదులుంటే, అవి తీయించడానికి డబ్బే అక్కర్లేదు. బందరు, అవనిగడ్డ వైపు మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరుగుతుంది, ఎదురెదురు కిటికీలు తెరిచి ఉంటే అది తరగతిలోంచే పోతుంది.

ఏసీ ఉన్న గదులకు నియమం క్లుప్తంగా చెప్పవచ్చు. స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలు 2020 జనవరి నుంచి 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా వస్తున్నాయి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) లెక్క. ఏసీతోపాటు ఫ్యాను తిప్పితే 26 దగ్గర ఇబ్బంది ఉండదు.

ప్రభుత్వ బడి ఖర్చు ఎంత, దానికో విధానం ఎందుకు అనే వాదన కూడా తరచు వినిపిస్తుంది. పైన లెక్కించిన 7,258 యూనిట్లు, యూనిట్ ఏడు రూపాయల చొప్పున, 50,800 రూపాయలు దాటుతాయి. లోడును బట్టి పడే స్థిర చార్జీలు అదనం. 251 నుంచి 1,000 మంది దాకా పిల్లలున్న బడికి సమగ్ర శిక్షా నిబంధనల ప్రకారం ఏటా వచ్చే గ్రాంటు 75,000 రూపాయలు. సుద్దముక్కలు, చీపుళ్లు, చిన్న మరమ్మతులు, ల్యాబు సామాను, కరెంటు బిల్లు అన్నీ అందులోంచే చూసుకోవాలి. మూడింట రెండు వంతులు మీటరే తినేస్తుంటే ఖర్చు చిన్నదనడం ఆ హెడ్‌మాస్టరు పడే అవస్థ తెలియని మాట. 2019లో రాష్ట్ర ప్రభుత్వం బడుల బాగుకు మొదలుపెట్టిన నాడు–నేడు పథకం మొదటి దశలో 15,715 బడులకు ఫ్యాన్లు, లైట్లు, నీటి వసతి వచ్చాయి, ఆ తర్వాత డిజిటల్ ప్యానెళ్లు వచ్చాయి. రావలసినవే, ఎన్నో ఏళ్లు ఆలస్యంగా వచ్చాయి. కానీ వస్తువుతోపాటు దాన్ని నడిపే ఖర్చుకు ఏర్పాటు రావాలి. అది రాకపోతే చివరికి ఫ్యాను ఉన్నా వేయకుండా ఉండడమే పొదుపు అయిపోతుంది. అందువల్ల విధానంలో ఒక నిషేధం తప్పకుండా ఉండాలి: పిల్లలు కూర్చున్న గదిలో గాలి, వెలుతురు తగ్గించి యూనిట్లు మిగల్చకూడదు.

చట్టం ఈ పని చేసిపెడుతుందనీ అనుకోవడానికి లేదు. 2001 ఇంధన పొదుపు చట్టం కింద వచ్చిన భవన నియమావళి 100 కిలోవాట్లూ ఆపైన లోడు ఉన్న వాణిజ్య భవనాలను ఉద్దేశించింది. పైన చెప్పిన ఉన్నత పాఠశాల లోడు అన్నీ ఒకేసారి వేసినా పది కిలోవాట్లకు కాస్త దగ్గరలోనే. అది ఆ నియమావళి గడప తొక్కదు. కాబట్టి రాసుకుంటే బడే రాసుకోవాలి.

ఇంకో వర్గం పెద్దవాళ్లు ఈ చిక్కులన్నీ వద్దు, సోలార్ పెట్టేస్తే చాలంటారు. విజయవాడ ఎండకు ఒక కిలోవాట్ పలకలు ఏడాదికి సుమారు 1,400 యూనిట్లు ఇస్తాయి, బడి నడిచే వేళకూ ఎండ కాసే వేళకూ చక్కగా సరిపోతుంది, సెలవుల్లో మిగిలింది నెట్ మీటరింగ్‌తో గ్రిడ్డుకు పోతుంది. ఇవన్నీ నిజమే. కానీ 75 వాట్ల ఫ్యాన్లు అలాగే ఉంచి పలకలు పెట్టడం చిల్లు కుండకు పెద్ద చెంబు కొనడం. ఇప్పటి ఖర్చుకు ఐదు కిలోవాట్లు కావాలి; ఫ్యాన్లు మారాక మూడు చాలు. ముందు తగ్గించి, తర్వాత కొలిచి, అప్పుడు పలకలు కొనాలి. ఎక్కడ బిగించాలన్నదీ రాసుకోవాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి చోట ఇన్వర్టరూ మెయిన్ బోర్డూ నేల అంతస్తులో నడుము ఎత్తున పెడితే పొదుపు మొత్తం ఒక్క వరదకు పోతుంది.

కరెంటు ఒక్కటే ఇంధనమనుకోవడం స్టిక్కరు విధానంలో ఉన్న మరో లోపం. వంటగదిలో గ్యాసు ఉంది, కొన్నిచోట్ల కట్టెలున్నాయి. ప్రైవేటు బడుల్లో అన్నిటినీ మించి బస్సు ఉంది. ఉయ్యూరు, కంకిపాడు వైపు నుంచో మైలవరం నుంచో పిల్లల్ని తెచ్చే ఒక బస్సు రోజుకు 60 కిలోమీటర్లు తిరిగి, లీటరుకు ఐదు కిలోమీటర్లు ఇస్తే, 200 రోజులకు 2,400 లీటర్ల డీజిలు తాగుతుంది. లీటరు డీజిలులో ఉండే వేడి సుమారు పది యూనిట్లు, మొత్తం 24,000. బొగ్గు నుంచి ఒక యూనిట్ కరెంటు తీయడానికి దాదాపు మూడు యూనిట్ల వేడి కావాలి. అంటే మన ఉన్నత పాఠశాల ఏడాది కరెంటుకు ఇబ్రహీంపట్నం నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో కాలే బొగ్గులోని వేడి 22,000 యూనిట్ల లోపే. ఒక్క బస్సు ఏడాది ఖర్చు బడి మొత్తం కరెంటును దాటింది. పదేసి, ఇరవయ్యేసి బస్సులున్న బడి, రూట్లు కలపడం గురించీ, గేటు దగ్గర ఇంజన్లు ఆడుతూ నిలబడడం గురించీ ఒక్క మాట రాయకుండా ట్యూబులైట్ల గురించి పిల్లలకు పోటీ పెడితే, ఆ బడికి ఇంధన విధానం లేనట్టే లెక్క.

మిగిలిన డబ్బు ఎవరికి చెందుతుందన్నది తేల్చకుండా రాసిన పత్రం ఎక్కువ రోజులు నడవదు. బిల్లు పైవాళ్లెవరో కట్టే బడిలో తగ్గిన బిల్లు వల్ల బడికి ఒరిగేదేమీ లేదు. జర్మనీలో హాంబర్గ్ నగరం 1994లో దీనికి సూటి పరిష్కారం కనిపెట్టింది: ఆదా అయిన సొమ్ములో సగం బడికి, సగం నగరానికి. ఫిఫ్టీ–ఫిఫ్టీ అన్న ఆ పేరుతోనే ఆ పద్ధతి యూరప్‌లో చాలా దేశాలకు వెళ్లింది. విజయవాడ కార్పొరేషన్ బడులకూ జిల్లా పరిషత్ బడులకూ ఇలాంటి ఏర్పాటు ఎందుకు ఉండకూడదో ఎవరూ చెప్పలేరు. కాలిన ఫ్యాను స్థానంలో మంచిది కొనడానికి అదనంగా కావలసిన పన్నెండు వందలు అక్కడి నుంచే వస్తాయి.

ఇక పిల్లలకు చిన్నప్పుడే అలవాటు పడాలి కదా అనే వాదన మిగిలింది. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు, చెప్పేవారిలో చాలామంది నిజాయితీగానే చెబుతారు. అయితే అలవాటుకు కావలసింది నిజమైన సమాచారం. ఇబ్రహీంపట్నంలో మొదటి యూనిట్ 1979లో నడవడం మొదలైంది, 800 మెగావాట్ల కొత్త యూనిట్ 2023లో వచ్చింది. కొండపల్లి పిల్లలు ఆ పొగగొట్టాలను రోజూ చూస్తారు. ఒక యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుందని, బడి ఫ్యాన్లు మారిస్తే ఏడాదికి రెండు టన్నులకు పైగా బొగ్గు మిగులుతుందని తొమ్మిదో తరగతి పిల్లలు తామే లెక్కగట్టగలరు. వాళ్లకు మీటరు చూపించాలి. ప్రతి నెల ఒకటో తారీకున రీడింగు రాయించి, నోటీసు బోర్డు మీద పెట్టించాలి. వేసవి సెలవులకు ముందు చివరి రోజు ఒక రీడింగు, బడి తెరిచిన రోజు ఇంకో రీడింగు తీయించాలి. యాభై రోజులు మనిషి లేని బడిలో మీటరు ఎంత తిరిగిందో అప్పుడు తెలుస్తుంది. సీసీ కెమెరాలకు పోను మిగతాది ఎక్కడికి పోయింది, నీళ్ల ప్లాంటు ఆపలేదా, ప్యానెళ్లు స్టాండ్‌బైలో ఉండిపోయాయా, ఉప్పుగాలికి పాడైన వైరింగులోంచి కరెంటు కారుతోందా అన్నది లైన్‌మన్‌నో ఎలక్ట్రీషియన్‌నో పిలిచి వెతకాలి. పిల్లలు ప్రశ్న వేస్తారు, జవాబు చెప్పవలసింది పెద్దవాళ్లు.

అందువల్ల పత్రం మీద సంతకాలు హెడ్‌మాస్టరువీ, పాఠశాల యాజమాన్య కమిటీ చైర్మన్‌వీ ఉండాలి. ప్రైవేటు బడి అయితే యాజమాన్యానివి. గడిచిన పన్నెండు నెలల బిల్లులు దానికి జత చేయాలి. ఫిబ్రవరిలో డాబా సున్నం, మార్చిలో స్విచ్‌బోర్డుల మరమ్మతు, సెలవుల్లో వైరింగు తనిఖీ, జూన్‌లో కొత్త కొనుగోళ్ల జాబితా అని తేదీలు వేసి, ప్రతి పనికి ఎదురుగా ఒక పెద్దవారి పేరు రాయాలి. ఏడాది తిరిగాక కమిటీ కూర్చుని పాత బిల్లులూ కొత్త బిల్లులూ పక్కపక్కన పెట్టి చూడాలి, తగ్గనిచోట కారణం రాయాలి.